కుర్చీ కదిలింది జానెడే!

బస్సెక్కితే వాంతి చేసుకునే పిల్ల సిమ్యులేటర్‌లో కేరింతలు కొడుతుంది. ఏళ్ల తరబడి స్టీరింగ్ పట్టిన డ్రైవర్ అదే ఆటలో తల పట్టుకుంటాడు. ఎందుకని?

డిసెంబరు, జనవరి నెలల్లో మిర్యాలగూడ స్కూళ్ల ముందు తెల్లారగట్ల నాలుగింటికే టూరు బస్సులు వచ్చి ఆగుతాయి. పులిహోర డబ్బాలు, నీళ్ల క్యాన్లు ఎక్కించాక టీచరమ్మ అడిగే మొదటి మాట: "బస్సు పడనోళ్లు ఎవరెవరు? ముందు సీట్లకు రండి." సగం మంది చేతులెత్తుతారు. కొందరు నిజంగా పడక, కొందరు ముందు సీటు మీద ఆశతో. వేములపల్లి, తిప్పర్తి, నల్లగొండ దాటి నార్కట్‌పల్లి దగ్గర హైదరాబాద్ హైవే ఎక్కేలోపే నల్ల కవర్లు చేతులు మారతాయి, నిమ్మకాయలు ముక్కుల దగ్గరికి చేరతాయి. చిట్యాల, చౌటుప్పల్ వెనకబడి రామోజీ ఫిల్మ్ సిటీ గేటు కనిపించగానే, అప్పటిదాకా వాడిపోయి ఉన్న ఆ పిల్లలే అందరికన్నా ముందు దిగి పరుగెడతారు.

వింత అక్కడ మొదలవుతుంది. దారి పొడవునా కక్కుకుంటూ వచ్చిన పిల్ల 'స్పేస్ యాత్ర'లో దూరి నవ్వుకుంటూ బయటికొస్తుంది. పిల్లలు లాక్కెళ్తే కాదనలేక లోపలికెళ్లిన డ్రైవరన్న మాత్రం గోడ పట్టుకుని వస్తాడు. "గిదేందిరా, తల గిర్రున తిరుగుతంది" అంటాడు. శ్రీశైలం ఘాట్‌లో మలుపు మీద మలుపు తిప్పినా చెక్కుచెదరని మనిషి. అందరి విషయంలో ఇలాగే జరుగుతుందని కాదు. కానీ టూర్లకు వెళ్లొచ్చిన మాస్టార్లను కదిపితే ఇలాంటి ముచ్చట ఒకటి బయటపడుతుంది. డ్రైవర్లకది పరువు సమస్య. నిజానికి అందులో పరువు పోయేదేమీ లేదు. ఆయన అనుభవమే ఆయన్ని దెబ్బతీసింది.

నాకూ బస్సు పడదు. సిమ్యులేటర్ అంటే మాత్రం ప్రాణం. ఈ రెండూ ఒకే కడుపులో ఎలా ఇముడుతున్నాయో తెలుసుకుందామని మొదలుపెడితే, దారి లోపలి చెవిలోకి తీసుకెళ్లింది.

చెవిలో రసమట్టం

లోపలి చెవిలో వినికిడితో పనిలేని భాగం ఒకటుంది. మూడు అర్ధవలయ నాళాలు, ఒక్కొక్కటి ఒక్కో దిక్కుకు. వాటి నిండా ద్రవం. తల తిరిగితే ద్రవం క్షణకాలం వెనకబడుతుంది, సన్నటి కేశకణాలు వంగుతాయి, తల ఎటు తిరిగిందో మెదడుకు కబురు పోతుంది. నాళాల పక్కనే రెండు చిన్న సంచులు. వాటిలో జిగురు పొర మీద సున్నపు రేణువులు. తల వంచినా ఆ రేణువులు జారతాయి, బండి ఒక్క ఉదుటున ముందుకు ఉరికినా జారతాయి. తాపీ మేస్త్రి గోడ మీద ఆనించి చూసే రసమట్టం లాంటి ఏర్పాటు ఇది. రసమట్టంలో ఉన్న చిక్కే దీనిలోనూ ఉంది. దాన్ని ఒక పక్కకు వంచితే బుడగ కదులుతుంది, బల్ల మీద పెట్టి దబాలున ముందుకు తోసినా కదులుతుంది. బుడగను మాత్రమే చూసేవాడికి ఈ రెంటిలో ఏది జరిగిందో తెలియదు.

సిమ్యులేటర్ రైడ్ల వ్యాపారమంతా ఈ ఒక్క లొసుగు మీద నిలబడింది.

తెర మీద రాకెట్ దూసుకుపోతుంటుంది. సరిగ్గా అప్పుడే కుర్చీ మెల్లగా వెనక్కి వాలుతుంది. వీపు సీటుకు అదుముకుంటుంది. చుట్టూ చీకటి, ఆనవాలు పట్టడానికి కిటికీ లేదు, గోడ లేదు. ముందుకు పోతున్నామని కళ్లు చెబుతాయి. రేణువులు వెనక్కి జారాయి కాబట్టి చెవి కూడా ఔనంటుంది. మెదడు నమ్మేస్తుంది. బ్రేకు పడ్డట్టు చూపించాలంటే కుర్చీని ముందుకు వంచుతారు. ఈ వంచడం దొంగచాటుగా సాగాలి. సెకనుకు దాదాపు మూడు డిగ్రీల లోపు వేగంతో వంచితే అర్ధవలయ నాళాలు పసిగట్టలేవు. మధ్యమధ్యలో రాయి తగిలినట్టు ఓ కుదుపు, మొహాన ఓ చల్లగాలి. ప్రేక్షకుడు చంద్రుడి దాకా వెళ్లొస్తాడు. కుర్చీ మాత్రం జానెడో, రెండు జానలో కదిలి ఉంటుంది.

ఈసారి వెళ్తే నడిమధ్యలో తెర మీంచి చూపు తిప్పి పక్క వరుసను చూడండి. అసలు సినిమా అక్కడుంటుంది. అంతా కలిపి జానెడు ఊగుతున్న కుర్చీల్లో పెద్దపెద్ద మనుషులు కొండ మీంచి పడిపోతున్నట్టు నోళ్లు తెరిచి, కమ్మీలు బిగించి పట్టుకుని ఉంటారు. నాకు ఆ దృశ్యం రైడ్ కన్నా ఇష్టం. వికారం మొదలైతే అదే మందు కూడా. తెర కాని దాన్ని దేన్ని చూసినా మాయ తెగిపోతుంది.

మాయ పూర్తిగా అతికితే ఆనందం. అతకకపోతే వాంతి. 1975లో జేమ్స్ రీజన్, బ్రాండ్ అనే ఇద్దరు 'మోషన్ సిక్‌నెస్' పేరుతో రాసిన పుస్తకంలో దీన్ని స్థిరపరిచారు. కన్ను ఒకటి చెప్పి చెవి ఇంకొకటి చెబితే, లేదా అవి రెండూ కలిసి చెప్పింది మెదడు ముందుగా వేసుకున్న అంచనాతో కుదరకపోతే వికారం పుడుతుంది. బస్సులో ఫోను చూస్తే కళ్లు కదలడం లేదంటాయి, చెవి కదులుతున్నామంటుంది. సిమ్యులేటర్‌లో దీనికి తలకిందులు. కళ్లు ఎగురుతున్నామంటాయి, చెవికి ఆ ఎగురుడులో వీసమెత్తే అందుతుంది. ఇద్దరు సాక్షులు రెండు మాటలు చెబితే కడుపు ఎందుకు తిరగబడాలన్నది వేరే ప్రశ్న. మైకేల్ ట్రైస్‌మన్ 1977లో 'సైన్స్' పత్రికలో ఓ ఊహ ముందుంచాడు. అడవిలో బతికిన మనిషికి కన్నూ చెవీ ఒకదానితో ఒకటి పొసగకపోవడం విషం తిన్నప్పుడే జరిగేది కాబట్టి, తిన్నది కక్కించెయ్యమని శరీరం నేర్చుకుందట. నిరూపణ సంగతి ఎలా ఉన్నా అందమైన ఊహ. కేరాఫ్ అడవి చిరునామాకు రాసిన ఉత్తరం ఆర్టీసీ బస్సులో అందుతోందన్నమాట.

పాత అనుభవమే శత్రువు

ఇప్పుడు డ్రైవరన్న దగ్గరికి వద్దాం. అంచనా అన్నాను కదా, ఆయన మెదడులో ఆ అంచనా రాయిలా గట్టిపడి ఉంది. స్టీరింగ్ ఇంత తిప్పితే ఒళ్లు ఇంత వాలాలి, బ్రేకు తొక్కితే ఛాతీ ఇంత ముందుకు రావాలి. అందుకే బండి నడిపేవాడికి వాంతి రాదు, పక్కన కూర్చున్నవాడికి వస్తుంది. రాబోయే మలుపు డ్రైవరుకు ముందే తెలుసు. సిమ్యులేటర్‌లో ఆయనకు మలుపు కనిపిస్తుంది, రావాల్సిన వాలు మాత్రం రాదు. మూడో తరగతి పిల్లకు అలాంటి లెక్కేదీ లేదు. ఎంత కదిపితే అంతే చాలు.

ఇది 1957లోనే బయటపడింది. అమెరికాలో బెల్ కంపెనీ తయారుచేసిన హెలికాప్టర్ సిమ్యులేటర్‌ను పరీక్షించిన హావ్రన్, బట్లర్ అనే పరిశోధకులు ఒక విచిత్రం గమనించారు. హెలికాప్టర్ నేర్చుకోవడానికి వచ్చిన కుర్రాళ్లు బాగానే ఉన్నారు. గాల్లో వందల గంటలు తిరిగిన శిక్షకులకే ఎక్కువగా వికారం. ఆ పత్రం తర్వాతే సిమ్యులేటర్ వికారం అనేది ఒక రోగలక్షణంగా లెక్కలోకి వచ్చింది.

దీనికన్నా ముందు ఆట ఉంది, ఆటలోంచే చదువు పుట్టింది. 1894లో శాన్‌ఫ్రాన్సిస్కో ప్రదర్శనలో 'హాంటెడ్ స్వింగ్' అనే ఉయ్యాల పెట్టారు. ఒక గది, మధ్యలో పెద్ద ఉయ్యాల, అందులో జనం. ఉయ్యాల నెమ్మదిగా ఊగడం మొదలై, పైకి లేచి, చివరికి తలకిందులుగా గిర్రున తిరిగినట్టు అనిపించేది. తిరిగేది ఉయ్యాల కాదు, గది. బల్లలు, కుర్చీలు నేలకు మేకులతో బిగించి గదిని ఉయ్యాల చుట్టూ తిప్పేవాళ్లు. భౌతిక శాస్త్రవేత్త ఆర్.డబ్ల్యూ. వుడ్ అది ఎక్కి చూసి మరుసటేడు ఒక మనస్తత్వ శాస్త్ర పత్రికలో రాశాడు. రహస్యం తెలిసినా ఆ అనుభూతిని ఆపుకోలేకపోయాడట, కొందరికి నిజంగానే కడుపులో తిప్పిందట. మిర్యాలగూడ స్టేషన్‌లో క్రాసింగ్ కోసం ఆగి ఉన్న రైల్లో కూర్చుంటే, పక్క పట్టాల మీది బండి కదలగానే మనదే బయలుదేరిందని ఉలిక్కిపడతామే, అదే ఇది. టికెట్టు పెట్టి అమ్మారంతే.

ముప్పై అయిదేళ్ల తర్వాత, 1929లో ఎడ్విన్ లింక్ అనే యువకుడు తండ్రికున్న పియానో, ఆర్గాన్ కార్ఖానాలోని గాలి తిత్తుల్ని పెట్టి ఊగే బొమ్మ విమానం చేశాడు. విమానం నడపడం నేర్పడానికి చేసింది. ఫ్లయింగ్ స్కూళ్లు మొహం తిప్పుకున్నాయి. కొన్నది ఎవరయ్యా అంటే వినోద పార్కులు. పైలట్లు మబ్బుల్లో దారితప్పి చనిపోతుంటే 1934లో అమెరికా సైన్యం కళ్లు తెరిచి ఆరు యంత్రాలు తీసుకుంది. రెండో ప్రపంచ యుద్ధం ముగిసేసరికి అవి వేలల్లో తయారయ్యాయి. ఆ తర్వాత కథ ఎదురు దారిలో నడిచింది. ఆరు కాళ్ల మీద ఎటు కావాలంటే అటు వంగే వేదికను 1965లో స్టీవర్ట్ వర్ణించాడు, విమాన శిక్షణకు అది ఆధారమైంది. 1987 జనవరిలో డిస్నీలాండ్ 'స్టార్ టూర్స్' ప్రారంభిస్తూ అసలైన పైలట్ శిక్షణ యంత్రాలనే తెచ్చి జనాన్ని కూర్చోబెట్టింది.

మన దగ్గరికి ఈ ఆట ఆలస్యంగా వచ్చినా గట్టిగానే వచ్చింది. 1996లో మొదలైన ఫిల్మ్ సిటీలో స్పేస్ యాత్రతో పాటు ఎత్తయిన భవనంలో భూకంపం వచ్చినట్టు భ్రమింపజేసే రామోజీ టవర్ ఉంది. 2016లో రావిర్యాలలో తెరిచిన వండర్‌లాలో 'మిషన్ ఇంటర్‌స్టెల్లార్' పెట్టారు. పెద్ద తెర ముందు కాళ్లు వేలాడేసి కూర్చోబెట్టే రకం. నా మట్టుకు ఈ రకమే మేలు. తెర చూపునంతా ఆక్రమిస్తుంది, కుదుపులు తక్కువ, గాలిలో తేలడం తప్ప గింగిరాలు ఉండవు. అదే పార్కులో 'రీకాయిల్' రోలర్‌కోస్టర్ ముందుకు తిప్పిన దారినే వెనక్కీ తిప్పుతుంది. భయం వేరు, వికారం వేరు అని తెలియాలంటే ఈ రెండూ ఒకే రోజు ఎక్కాలి. రోలర్‌కోస్టర్‌లో గుండె నోట్లోకి వస్తుంది, కడుపు మాత్రం చాలామందిలో దాని చోటనే ఉంటుంది. ఎందుకంటే అక్కడ కన్నూ చెవీ ఒకే మాట మీద ఉన్నాయి. నిజంగానే పడుతున్నాం.

క్యాంపు గ్రౌండ్‌లో కొలంబస్

టికెట్టు పెట్టి హైదరాబాద్ దాకా వెళ్లలేని ఊరికి ఆట తనే వస్తుంది. ఎండాకాలం మిర్యాలగూడ ఎన్నెస్పీ క్యాంపు గ్రౌండ్‌లో ఎగ్జిబిషన్ పడితే జెయింట్ వీల్, ఓడలా ఊగే కొలంబస్, బ్రేక్ డ్యాన్స్, మిర్చి బజ్జీ బండి అన్నీ ఒక వరుసలో ఉంటాయి. సూర్యాపేట దగ్గర దురాజ్‌పల్లిలో రెండేళ్లకోసారి జరిగే పెద్దగట్టు జాతరకు, కోదాడ పక్కన మేళ్లచెరువు శివరాత్రి జాతరకు వెళ్లినా ఇవే. కొలంబస్ దగ్గర ఎప్పుడూ ఒకరిద్దరు పక్కకు వెళ్లి కూర్చుని ఉంటారు. జెయింట్ వీల్ దగ్గర అంతమంది కనిపించరు. ఎందుకో చూస్తే లెక్క ముచ్చటగా తేలింది.

1974లో ఓహన్లాన్, మెక్‌కాలీ అనేవాళ్లు మనుషుల్ని పైకీ కిందికీ ఊపే గదిలో కూర్చోబెట్టి, ఏ ఊపుకు ఎక్కువమంది కక్కుతారో కొలిచారు. అన్నిటికన్నా చెడ్డది సుమారు అయిదు సెకన్లకు ఒకసారి వచ్చే ఊపు. అంతకన్నా బాగా వేగంగా ఊపితే ఒళ్లు హూనమవుతుంది కానీ వాంతి రాదు. గుర్రం మీద, మోటార్ సైకిల్ మీద, గతుకుల దారిలో ట్రాక్టర్ మీద ఎవరూ కక్కుకోకపోవడానికి కారణం అదే. సముద్రపు ఓడ ఊగేది సరిగ్గా ఈ నెమ్మది ఊపులోనే. ఇక లోలకం లెక్క వేయండి. ఇంట్లో చూరుకు కట్టిన రెండు మీటర్ల ఉయ్యాల మూడు సెకన్ల లోపే వెళ్లొస్తుంది. ఆరేడు మీటర్ల చేతికి వేలాడే కొలంబస్ అయిదు సెకన్లు తీసుకుంటుంది. నేరుగా గురి చూసి కొట్టినట్టు! ఓడ ఆకారం ఊరికే పెట్టలేదనుకోండి.

బస్సుకూ రైలుకూ తేడా కూడా ఇక్కడే. మిర్యాలగూడ నుంచి సికింద్రాబాద్‌కు శబరి ఎక్స్‌ప్రెస్‌లో వెళ్తే ఏమీ కానివాళ్లు బస్సులో అంతే దూరానికి వేలాడిపోతారు. పట్టాల మీద కుదుపులు చిన్నవి, త్వరత్వరగా వచ్చేవి. బస్సు ఓవర్‌టేక్‌కు పక్కకు ఒరిగి, మళ్లీ లోపలికొచ్చి, బ్రేకు పడి, పికప్ అందుకునే పెద్ద పెద్ద ఊపులు ఆ చెడ్డ లయలోకి జారతాయి. బ్రిటన్‌లో టర్నర్, గ్రిఫిన్ 1999లో మూడు వేలకు పైగా బస్సు ప్రయాణికుల్ని అడిగి తేల్చిందేమిటంటే, ఎదురుగా రోడ్డు కనిపించని వాళ్లలో వికారం, కనిపించేవాళ్లతో పోలిస్తే దాదాపు మూడు రెట్లు. టీచరమ్మ ముందు సీటు లెక్క సైన్సుకు సరిగ్గా సరిపోయింది. ఘాట్ రోడ్డు సంగతి చెప్పక్కర్లేదు. 1944లో తిరుమల మొదటి ఘాట్ రోడ్డు తెరిచినప్పటి నుంచి తెలుగువాళ్ల భక్తిలో నిమ్మకాయకు ఒక స్థానం ఏర్పడింది.

ఎగ్జిబిషన్‌లో ఈమధ్య మరో డబ్బా కనిపిస్తోంది. లారీ ట్రాలీ మీద చిన్న థియేటర్, బయట డైనోసార్ బొమ్మ, 5డి, 7డి, 9డి అని రాత. ఆ డీల అంకె సైన్సు చెప్పింది కాదు, పక్కవాడి బోర్డు చూసి పెంచింది. నీళ్లు చిలకరిస్తే ఒకటి, గాలి కొడితే ఒకటి, కాళ్ల దగ్గర దారం కదిపితే ఇంకొకటి. ఆనందానికి లోటు లేదు, నేనే లైన్లో నిలబడతాను. కానీ కడుపుకు అసలు పరీక్ష ఇక్కడే. బొమ్మ మలుపు తిరిగాక కుర్చీ ఓ క్షణం తర్వాత తిరుగుతుంది. ఆ క్షణం చాలు. పెద్ద పార్కులు కోట్లు పెట్టేది ఆర్భాటానికే కాదు, బొమ్మకూ కుర్చీకీ మధ్య ఆ ఆలస్యాన్ని చెరిపేయడానికి.

కక్కని పదకొండుగురు

ఈ వికారం అసలు అంటని మనుషులూ ఉన్నారు. లోపలి చెవి పనిచేయని వాళ్లకు ఇది రాదు. 1882లోనే విలియం జేమ్స్ బధిరుల్లో తలతిరుగుడు గురించి రాశాడు. 1950ల చివర్లో అమెరికా నౌకాదళం, నాసా కలిసి గాలడెట్ కాలేజీ నుంచి పదకొండు మంది బధిరుల్ని ఎంచుకుని ఏళ్ల తరబడి పరీక్షించాయి. ఎక్కువమందికి చిన్నప్పుడు మెదడు పొరల వాపు జ్వరంతో వినికిడి పోయింది, దాంతో పాటే లోపలి చెవిలోని రసమట్టమూ పోయింది. ఒకసారి కెనడా తీరాన భీకరమైన అలల్లో వాళ్లను పడవ ఎక్కించారు. వాళ్లేమో హాయిగా పేకాడుకున్నారు. పరీక్షించడానికి వెళ్లిన పరిశోధకులు కక్కలేక కక్కి, ప్రయోగాన్నే ఆపేశారు.

వాంతి చేసుకునే పిల్లను "వీక్ బాడీ" అనే పెద్దవాళ్లకు ఈ కథ చెప్పాలి. ఆ పిల్ల చెవి పనిచేస్తోంది, అంతే. రెండేళ్ల లోపు బిడ్డలకు ఇది చాలా అరుదు. ఆ తర్వాత పెరిగి, తొమ్మిది పదేళ్ల వయసులో ఎక్కువై, యవ్వనంలో తగ్గుముఖం పడుతుంది. ఆడవాళ్లలో, పార్శ్వపు నొప్పి ఉన్నవాళ్లలో ఎక్కువ. ధైర్యంతో దీనికి సంబంధం లేదు. వ్యోమగాముల్లో సగానికి పైగా మొదటి రోజుల్లో దీనితో అవస్థ పడతారు. నిజాం కాలేజీలో చదివిన రాకేశ్ శర్మ 1984 ఏప్రిల్‌లో సోయజ్ టి-11లో వెళ్లినప్పుడు అక్కడ యోగాసనాలు వేసి చూశారు. మరుసటేడు డిస్కవరీలో వెళ్లిన అమెరికా సెనేటర్ జేక్ గార్న్ ఎంతగా వాంతులు చేసుకున్నాడంటే, నాసా వాళ్లు సరదాగా వికారానికి ఆయన పేరునే కొలమానం చేశారు. ఒక గార్న్ అంటే ఇక అంతకుమించి లేదని.

నిమ్మకాయ, శొంఠి, మాత్ర

మన మందుల్లో పనిచేసేవి ఉన్నాయి, ఓదార్చేవి ఉన్నాయి. నిమ్మకాయ వాసన డీజిల్ వాసనను కప్పుతుంది, అదీ ఉపకారమే. కూర్చునే చోట పేపరు వేసుకుంటే వాంతి రాదన్న నమ్మకానికి ఆధారం లేదు. అయినా వేసుకుంటానంటే ఈ ఆదివారం అనుబంధం చదవడం పూర్తయ్యాక వేసుకోండి. అల్లం, శొంఠి విషయం గట్టిది. 1982లో 'లాన్సెట్' పత్రికలో మౌరీ, క్లేసన్ ప్రచురించిన ప్రయోగంలో గిర్రున తిరిగే కుర్చీలో కూర్చున్నవాళ్లకు అల్లం పొడి, మాత్ర కన్నా బాగా పనిచేసింది. తర్వాతి ప్రయోగాలు అన్నీ అంత గట్టిగా చెప్పలేదు. అల్లం మురబ్బాతో పోయేదేమీ లేదు కాబట్టి నా ఓటు దానికే.

మాత్రల కథ 1947లో బాల్టిమోర్‌లో మొదలైంది. దద్దుర్లకు ఇచ్చిన ఓ మందు వేసుకున్న రోగి, ట్రాములో ఎప్పుడూ వచ్చే వికారం ఈసారి రాలేదని డాక్టర్లతో చెప్పింది. గే, కార్లినర్ అనే ఆ డాక్టర్లు సైనికుల ఓడలో పరీక్షించి చూశారు. అది డ్రమమైన్. మన మెడికల్ షాపుల్లో అడిగే అవొమిన్ కూడా అలర్జీ మందుల కుటుంబంలోదే. ఇవి ఎక్కే ముందు, కనీసం గంట ముందే వేసుకోవాలి. వాంతి మొదలయ్యాక వేసుకుంటే మాత్ర కవర్లోకే పోతుంది. మత్తు వస్తుంది కనుక బండి నడిపేవాళ్లు ముట్టకూడదు, చిన్నపిల్లలకు డాక్టరును అడగకుండా వద్దు. మామూలు వాంతులకు వాడే ఆన్‌డాన్‌సెట్రాన్ ఈ వికారానికి పెద్దగా పనిచేయదు.

ఇంకో చిట్కా. సిమ్యులేటర్‌ను బిర్యానీ తర్వాతకు ఉంచకండి, అలాగని ఖాళీ కడుపుతోనూ వద్దు. వెనక వరుసలో, మధ్యలో కూర్చుంటే తెర చూపును తక్కువ ఆక్రమిస్తుంది, వికారమూ తక్కువ, మజా కూడా కొంచెం తక్కువ. మరీ తిప్పితే కళ్లు మూసేయండి. బస్సులో కళ్లు మూసుకుంటే సగమే లాభం, ఇక్కడ లాభం చాలా ఎక్కువ, ఎందుకంటే అబద్ధం చాలావరకు తెర మీదే ఉంది. గర్భిణులు, నడుము, మెడ నొప్పి, గుండె జబ్బు ఉన్నవాళ్లు మాత్రం బయట కూర్చుని బ్యాగులు కాయడమే మేలు.

కొడుకు దగ్గరికో కూతురి దగ్గరికో అమెరికా వెళ్లిన మన అమ్మానాన్నలకు ఓర్లాండో తప్పదు. అక్కడ ఎప్‌కాట్‌లో 2003లో పెట్టిన 'మిషన్: స్పేస్' నిజంగానే మనుషుల్ని గిర్రున తిప్పే యంత్రం, సీటు దగ్గర వాంతి సంచులు కూడా పెట్టారు. మూడేళ్లకు దానికే తిప్పుడు లేని రెండో రకం తెచ్చారు. నారింజ రంగు లైను కావాలా, ఆకుపచ్చ లైను కావాలా అని గేటు దగ్గరే అడుగుతారు. మరికొన్ని సిమ్యులేటర్లలో కదలని కుర్చీలు ఒక వరుస విడిగా ఉంటాయి. వాటిలో కూర్చున్నా కొందరికి తిప్పుతుంది, తెర అదే కదా. అయినా అడగడమన్న మర్యాద ఉంది. మన ఎగ్జిబిషన్లలో హైటు కొలిచే కర్ర ఉంటుంది, గుండె జబ్బులవాళ్లు ఎక్కరాదన్న రాత ఉంటుంది. బస్సు పడనివాళ్లు ఏ వరుసలో కూర్చోవాలో, కడుపులో తిప్పితే ఎటు చూడాలో రాసిన బోర్డు నాకైతే ఎక్కడా కనబడలేదు. ఫ్లెక్సీ ఖర్చే కదా. మిర్యాలగూడలో ఫ్లెక్సీలకు కరువా?